పాత జిప్సీని కొండదారికి సిద్ధం చేసుకోవడం ఎలా? విశాఖలో పని కిందినుంచే మొదలు

బండి చూడటానికి వెళ్ళేటప్పుడు నాలుగు వస్తువులు వెంట తీసుకెళ్ళండి: చిన్న సుత్తి, అయస్కాంతం, టార్చిలైటు, పాత దుప్పటి. దుప్పటి పరుచుకుని బండి కింద పడుకోవడానికి. నేను మొదటి జిప్సీ (మారుతి కంపెనీ చిన్న జీపు) కొనడానికి ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. బండి చుట్టూ మూడుసార్లు తిరిగాను, టైర్లను కాలితో తన్నాను, తలుపులు తీసి వేశాను. కింద పడుకోలేదు. కొన్న నాలుగో నెలలో అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే వెనకనుంచి కొమ్మ విరిగినట్టు చప్పుడైంది. కమాను (ఇరుసు దగ్గర ఉండే పట్టీల స్ప్రింగు) బిగించిన బ్రాకెట్ దగ్గర చాసిస్, అంటే బండి మొత్తాన్ని మోసే ఇనుప చట్రం, చీలిపోయింది. నిగనిగలాడుతున్న నల్లరంగును గోటితో గీస్తే పెచ్చుగా ఊడివచ్చింది. దాని కింద ఇనుము లేదు, అప్పడంలాంటి తుప్పు ఉంది.

విశాఖలో బండిని కొండ కన్నా ముందు సముద్రం తినేస్తుంది. గాలిలో వచ్చే ఉప్పు ఇనుము మీద చేరి తేమను పీల్చుకుంటుంది. వాన లేని రోజున కూడా కంటికి కనిపించని తడిపొర ఒకటి ఇనుము మీద నిలిచి ఉంటుంది. ఆ ఉప్పునీటి పొరలో తుప్పు ఎంత వేగంగా పెరుగుతుందో బీచ్ రోడ్డు వైపు ఇళ్ళ కిటికీ ఊచలను చూస్తే తెలుస్తుంది. అందుకే నేను చెప్పే వరస లోపలి ఊళ్ళలోని మిత్రులు చెప్పే వరసకు వేరుగా ఉంటుంది. ముందు చాసిస్, తరువాత ఇరుసులు, బ్రేకులు, ఇంజిన్, ఆ తరువాత టైర్లు. అదనపు లైట్లు, విన్చ్ (కూరుకున్న బండిని తాడుతో లాగే యంత్రం), స్టిక్కర్లు డబ్బు మిగిలితే చూడవచ్చు. సాధారణంగా మిగలదు. బండిని ఎంతకు కొంటున్నారో, బాగుచేయడానికి దాదాపు అంతే సొమ్ము పక్కన పెట్టుకుని రంగంలోకి దిగండి.

ఏ బండి కొనాలి

ఇక్కడ ఉదాహరణకు మారుతి జిప్సీని తీసుకుంటున్నాను. అది 1985లో 970 సి.సి. ఇంజిన్‌తో వచ్చింది. 1996లో 1.3 లీటర్ల ఇంజిన్‌తో జిప్సీ కింగ్ వచ్చింది. 2000 తరువాతి ఎంపీఎఫ్ఐ (కంప్యూటరు లెక్కతో పెట్రోలు చిమ్మే) బండ్లలో అదే సైజు ఇంజిన్ 80 హార్స్‌పవర్ దాకా ఇస్తుంది. మీకు వీలైతే ఈ చివరి రకమే కొనండి. బండి బరువు సుమారు టన్ను మాత్రమే కావడం దీని అసలు బలం. రెండు టన్నుల బండి కూరుకుపోయే బురదలో ఇది పైపైన నడిచిపోతుంది.

మహీంద్రా ఎంఎం540 తరహా పాత జీపుల పని తెలిసిన మేస్త్రీలు ఏ ఊళ్ళోనైనా దొరుకుతారు. 2010 నుంచి 2020 దాకా వచ్చిన థార్ సీఆర్‌డీఈలో 2,498 సి.సి. డీజిల్ ఇంజిన్, 105 హార్స్‌పవర్ ఉన్నాయి. లాగుడుకు తిరుగులేదు. అయితే దాని ముందు చక్రాలకు కమాన్లు ఉండవు, టోర్షన్ బార్లు, అంటే మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు ఉంటాయి. కాబట్టి ముందు ఇరుసు గురించి నేను రాసేది దానికి వర్తించదు. తుప్పు గురించి రాసేదంతా వర్తిస్తుంది.

ఇంకో మాట. ఇంట్లో నడుంనొప్పి ఉన్న పెద్దలుంటే, బయానా ఇచ్చే ముందు వాళ్ళను ఒక కమాన్ల బండిలో మద్దిలపాలెం నుంచి గాజువాక దాకా తిప్పి తీసుకురండి. ఆ తరువాత ఇంట్లో చర్చ పెట్టండి.

కింద పడుకుని ఏమి చూడాలి

కొత్తగా నల్లరంగు లేదా తారు పూసిన చాసిస్ కనిపిస్తే సంతోషించకండి. తుప్పు మీద పూసిన తారు తడిని బయటికి పోనివ్వదు, లోపల తుప్పు తన పని తాను చేసుకుంటూ పోతుంది. పాతగా, దుమ్ముగా, అక్కడక్కడా ఎర్రగా కనిపించే చాసిస్ దీనికన్నా నిజాయితీ గలది.

సుత్తితో ముందునుంచి వెనక్కి జానెడు జానెడుకూ తట్టుకుంటూ వెళ్ళండి. మంచి ఇనుము గంటలా మోగుతుంది. తుప్పు తిన్నచోట చప్పుడు మొద్దుబారుతుంది, లోపలినుంచి పెచ్చులు రాలుతున్న శబ్దం వినిపిస్తుంది. జిప్సీ చాసిస్ పెట్టె ఆకారంలో మూసుకుని ఉంటుంది కాబట్టి మట్టి, ఉప్పునీరు లోపలికి చేరితే అక్కడే ఉండిపోతాయి. కమాన్ల బ్రాకెట్లు వెల్డింగు చేసిన చోట్లు, వెనక చక్రాల పైన చాసిస్ వంపు, బాడీ కూర్చునే రబ్బరు దిమ్మల చుట్టూ, వెనక చివరి అడ్డకడ్డీ, ఈ నాలుగు చోట్ల రెండేసిసార్లు తట్టండి. సుత్తి దిగబడితే బేరం ఆడకుండా లేచి వచ్చేయండి.

బాడీకి అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకోని చోట రేకు బదులు లప్పం ఉంది. బాడీలో తుప్పు ఉన్నంత మాత్రాన బండిని వదిలేయనక్కరలేదు. రేకు కోసి కొత్త రేకు వేయడం టింకరింగ్ తెలిసిన ఎవరికైనా రోజువారీ పనే. సీట్ల కింద చాపను ఎత్తి చూడండి. కాళ్ళు పెట్టే చోట రోడ్డు కనిపిస్తే ధర తగ్గించమని అడగడానికి అదొక మంచి కారణం.

తరువాత బండిని చల్లగా ఉన్నప్పుడు మీ చేత్తో స్టార్టు చేయండి. మీరు వెళ్ళేసరికే ఇంజిన్ వేడిగా ఉంటే మరో రోజు చెప్పకుండా వెళ్ళండి. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే గుప్పుగుప్పున పొగ కొడుతుంటే రింగులు అరిగాయని అర్థం. ఇది తుప్పంత భయంకరం కాదు, ఇంజిన్ విప్పితే బాగవుతుంది. దాని ఖర్చు ధరలో తగ్గించుకోండి.

ఫోర్ వీల్, అంటే నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే ఏర్పాటు, నిజంగా పనిచేస్తుందో లేదో తారురోడ్డు మీద చూడకండి, మట్టి మీద చూడండి. ముందు చక్రాల మధ్యలో ఉన్న హబ్‌లను (చక్రాన్ని ఇరుసుతో కలిపే, విడదీసే మూతలను) రెండువైపులా లాక్‌కు తిప్పి, లివర్‌ను నాలుగు చక్రాల తక్కువ గేరులో వేసి, స్టీరింగు పూర్తిగా తిప్పి మెల్లగా నడపండి. ముందునుంచి కటకటమని చప్పుడు వస్తే ముందు ఇరుసు కీళ్ళు అరిగాయి. ఇక రోడ్డు మీద 50, 60 కిలోమీటర్ల వేగంలో స్టీరింగు వణుకుతోందా? చాలామంది అమ్మేవాళ్ళు దీన్ని స్టీరింగు డ్యాంపర్ (వణుకును అణిచే చిన్న షాక్ అబ్జార్బర్) వేసి కప్పిపెడతారు. కింద కొత్త డ్యాంపర్ కనిపిస్తే ఎందుకు వేశారని అడగండి.

కాగితాలు

చాసిస్ మీద చెక్కిన నంబరు, ఇంజిన్ నంబరు ఆర్‌సీతో అక్షరం అక్షరం సరిపోవాలి. పాత జీపుల్లో ఇంజిన్ మార్చడం సర్వసాధారణం. మార్చిన ఇంజిన్ ఆర్‌సీలో ఎక్కకపోతే ఆ సమస్య మీ మెడకు చుట్టుకుంటుంది. అప్పు మీద కొన్న బండి అయితే ఫారం 35తో ఆ అప్పు నమోదు తొలగించి ఉండాలి. పేరు మార్పుకు ఫారం 29, ఫారం 30 కావాలి. మనకు పక్కనే ఒడిశా, ఛత్తీస్‌గఢ్ ఉన్నాయి కాబట్టి అక్కడి బండ్లు తక్కువ ధరకు కనిపిస్తుంటాయి. వాటికి ఫారం 28, అంటే నిరభ్యంతర పత్రం లేకుండా ముందుకు కదలకండి. ఇక్కడ మళ్ళీ పన్ను కట్టాలన్న లెక్క కూడా వేసుకోండి. సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు చెల్లుతుంది. ఆపైన తనిఖీ చేయించి అయిదేళ్ళకోసారి పునరుద్ధరించుకోవాలి. సైన్యం వేలంలో అమ్మిన జిప్సీలు చాలా బాగుంటాయి. కానీ వేలం కాగితం తప్ప రిజిస్ట్రేషన్ లేని బండిని ఎంత ముద్దొచ్చినా తీసుకోకండి.

చట్టం గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. ముందు భాగంలో బిగించే ఇనుప బుల్ బార్లు చట్టవిరుద్ధమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. కాబట్టి చాసిస్ కోయడం, వేరే ఇంజిన్ దించడం, బుల్ బార్లు తగిలించడం ఈ పద్ధతిలో లేవు. మీరు చేసే మార్పులేవైనా బీమా కంపెనీకి ముందే తెలపండి. ప్రమాదం జరిగాక తెలిస్తే వాళ్ళకు అదొక సాకు అవుతుంది.

చాసిస్ పని

అసలు పని ఇది. దీనికి జనవరి, ఫిబ్రవరి నెలలు ఎంచుకోండి. వానాకాలంలోనూ, తుపాన్ల అక్టోబరు, నవంబరుల్లోనూ మొదలుపెడితే ఉదయం గీకిన ఇనుము సాయంత్రానికి మళ్ళీ ఎర్రబడుతుంది. చోటు విషయంలో కూడా ఆలోచించండి. సముద్రానికి ఎదురుగా ఉన్న ఆరుబయట షెడ్డు కన్నా గాజువాక ఆటోనగర్‌లో గోడలున్న షెడ్డు నయం. వెల్డింగు, లేత్ షాపు, కమాన్ల పనివాళ్ళు అందరూ అక్కడ నడిచివెళ్ళే దూరంలో ఉంటారు.

ముందు మంచినీళ్ళతో కడగండి. చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా గ్రైండర్ పట్టుకుంటారు. ఉప్పు ఇనుము గుంతల్లో ఉండగా గీకి రంగు వేస్తే, ఆ రంగు కింద ఉప్పు మళ్ళీ తడిని లాక్కుంటుంది, ఏడాదిలోగా పొక్కులు లేస్తాయి. ఒత్తిడితో నీళ్ళు కొట్టే యంత్రంతో బయట, చాసిస్ రంధ్రాల్లోకి పైపు పెట్టి లోపల, రెండు రోజులు వరసగా కడిగించండి. లోపలినుంచి వచ్చే మట్టి చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. మా బండిలోంచి దాదాపు అర బకెట్టు ఎర్రమట్టి, ఒక పది పైసల బిళ్ళ వచ్చాయి.

బోల్టులు విప్పడంలో తొందర వద్దు. తుప్పు పట్టిన బోల్టులకు రెండు రోజుల ముందునుంచీ పూట పూటకూ తుప్పు వదిలించే నూనె కొట్టండి. ఆరు మూలల సాకెట్ వాడండి. పన్నెండు మూలలది అరిగిన బోల్టు తలను గుండ్రం చేసేస్తుంది. కదలకపోతే గ్యాసుతో వేడి చేయించండి, కానీ పెట్రోలు ట్యాంకు, బ్రేకు పైపులు తీసేసిన తరువాతే. విప్పిన ప్రతి బోల్టునూ ఏది ఎక్కడిదో రాసిన సంచిలో వేయండి. నేను రాయలేదు. బిగించేటప్పుడు పదిహేను బోల్టులు మిగిలాయి, మా మేస్త్రీ మాత్రం అవి అదనపు బోల్టులని నిబ్బరంగా చెప్పాడు.

వీలుంటే బాడీని చాసిస్ నుంచి పైకి ఎత్తించండి. జిప్సీ బాడీ తేలిక. ఆరుగురు మనుషులు, నాలుగు దుంగలు ఉంటే సరిపోతుంది. అలా ఎత్తకపోతే రబ్బరు దిమ్మల కింది తుప్పు అలాగే ఉండిపోతుంది.

తరువాత తీగబ్రష్షు, గ్రైండరుతో మెరిసే ఇనుము కనిపించేదాకా గీకాలి. కొనేటప్పుడు సుత్తికి దొరకని తుప్పు ఇప్పుడు బయటపడితే, దాని పైన అతుకు వేయడానికి ఒప్పుకోకండి. తుప్పు తిన్న ముక్కను పూర్తిగా కోసి తీసి, మంచి ఇనుము మొదలయ్యే చోట, చాసిస్ మందానికి తగ్గ కొత్త ప్లేటు వెల్డింగు చేయించాలి. పాత తుప్పు మీద వేసిన అతుకు చూడటానికే బలం. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగలు రెండూ తీసేయండి. ఎంపీఎఫ్ఐ బండి అయితే ఇంజిన్ కంప్యూటర్ ప్లగ్గు కూడా పీకి పక్కన పెట్టండి. వెల్డింగు కరెంటు అందులోకి పోతే కొత్తది వెతుక్కోవడం బండి వెతుక్కోవడం కన్నా కష్టం.

గుంతల్లో మిగిలిన తుప్పుకు ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న తుప్పు నివారిణి పూసి, డబ్బా మీద రాసినంతసేపు ఆగండి. పైన ఎపాక్సీ ప్రైమరు రెండు పూతలు, దాని మీద చాసిస్ రంగు. ప్రైమరును మంచు పూర్తిగా ఆరాక, పొద్దున పది దాటిన తరువాత మొదలుపెట్టి మధ్యాహ్నం మూడింటికల్లా ముగించండి. తెల్లవారుజామున మన ఊళ్ళో ఇనుము చెమట పట్టినట్టు ఉంటుంది, దాని మీద ఏ రంగూ నిలవదు. మామూలు రెడ్ ఆక్సైడ్ ఇంటి గేటుకు చాలు, సముద్రం పక్కన చాసిస్‌కు చాలదు.

చివరిగా చాసిస్ లోపల మైనం కొట్టించాలి. సన్నని పొడుగాటి గొట్టంతో రంధ్రాల్లోంచి లోపలి గోడలన్నిటికీ చల్లే మైనం అది. నీళ్ళు బయటికి పోయే రంధ్రాలు మాత్రం మూసుకుపోకుండా పుల్లతో పొడిచి చూడండి. బయటి రంగు అందరూ వేయిస్తారు. ఈ లోపలి పూతను పట్టించుకునేవాళ్ళు తక్కువ, చాసిస్ మాత్రం ఎక్కువగా లోపలినుంచే పోతుంది.

ఇరుసులు, హబ్‌లు

ముందు చక్రం వెనక ఇరుసు చివర గుండ్రటి ఇనుప బంతి ఉంటుంది. దాని చుట్టూ నూనె కారుతుంటే లోపలి సీలు పోయిందన్నమాట. గేర్ ఆయిల్ వచ్చి గ్రీజులో కలిసి పలచబడి బయటికి వస్తోంది. ఇరువైపులా విప్పించి సీళ్ళు, కింగ్ పిన్ (స్టీరింగు తిప్పితే చక్రం తిరిగే కీలు) బేరింగులు, చక్రం బేరింగులు ఒకేసారి మార్పించండి. కింగ్ పిన్ బిగువు షిమ్‌ల (పలచటి రేకు ముక్కల) మీద ఆధారపడుతుంది. షిమ్ తీస్తే బిగువు పెరుగుతుంది. దాన్ని స్ప్రింగు త్రాసుతో లాగి కొలవాలి, చేత్తో ఊపి సరిపోయిందనుకోకూడదు. స్టీరింగు వణుకుకు కారణం టైర్ల బ్యాలెన్సు కాకపోతే దాదాపు ఎప్పుడూ ఇక్కడే దొరుకుతుంది.

నూనెల విషయంలో ఒక జాగ్రత్త. వెనక, ముందు క్రౌన్ పినియన్లకు (ఇరుసు మధ్యలోని గేర్లకు) 80డబ్ల్యు-90 జీఎల్-5 రకం గేర్ ఆయిల్ వేస్తారు. గేరుబాక్సులో జీఎల్-4 వేయాలి. జీఎల్-5లోని రసాయనాలు గేరుబాక్సులోని ఇత్తడి రింగులను తినే అవకాశం ఉంది. రెండూ ఒకటేనని ఒకే డబ్బాలోంచి పోసేవాళ్ళుంటారు, పక్కన నిలబడి చూడండి.

ప్రతి ఇరుసు మీదా గాలి పీల్చుకునే చిన్న బ్రీదర్ ఉంటుంది. నడిచి నడిచి వేడెక్కిన ఇరుసు ఒక్కసారిగా వాగునీళ్ళలోకి దిగితే లోపలి గాలి ముడుచుకుంటుంది, బ్రీదర్ మూసుకుపోయి ఉంటే సీళ్ళ సందుల్లోంచి నీళ్ళు లాగుతుంది. బ్రీదరుకు పెట్రోలు పైపు లాంటి సన్నటి రబ్బరు గొట్టం తగిలించి ఇంజిన్ పక్కన ఎత్తులో కట్టండి. ఖర్చు చాలా తక్కువ. మొత్తం బండిలో ఇంత తక్కువ డబ్బుకు ఇంత ఉపయోగపడే మార్పు మరొకటి లేదు. వాగు దాటివచ్చాక గేర్ ఆయిల్ టీ రంగుకు తిరిగిందంటే నీళ్ళు చేరాయి, వెంటనే మార్చండి.

బ్రేకులు

ఇనుప బ్రేకు గొట్టాలను చూడకుండానే మార్చేయండి. రబ్బరు గొట్టాలు కూడా. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీలుస్తుంది కాబట్టి రెండేళ్ళకోసారి మార్చాలి.

ఇంజిన్

పాత ఇంజిన్‌కు మన ఘాట్ రోడ్లు పెట్టే పరీక్ష వేడి. రేడియేటరును విప్పి లోపల శుభ్రం చేయించండి, నీటి గొట్టాలన్నీ మార్చండి. థర్మోస్టాట్ (ఇంజిన్ వేడిని బట్టి నీటిని రేడియేటరుకు వదిలే కవాటం) తీసేస్తే వేడెక్కదని మెకానిక్ చెబితే ఒప్పుకోకండి. అది లేకపోతే ఇంజిన్ ఎప్పుడూ తగిన వేడికి రాదు. ఎంపీఎఫ్ఐ బండిలో కంప్యూటరు ఇంకా చలిగానే ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తుంది. మంచి థర్మోస్టాట్, శుభ్రమైన రేడియేటరు, సరైన కూలెంట్ ఉంటే వేడెక్కడానికి కారణం వేరే ఉంటుంది, దాన్ని వెతకాలి. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే మార్చలేదనే లెక్క.

ఒక సిలిండరుకూ మరో సిలిండరుకూ కంప్రెషన్‌లో (లోపలి గాలిని నొక్కే ఒత్తిడిలో) పదో వంతుకు మించి తేడా ఉంటే తప్ప ఇంజిన్ విప్పే పని పెట్టుకోకండి. విద్యుత్తు తంటాల్లో సగం ఎర్త్ తీగ బిగించిన చోట తుప్పు వల్ల వచ్చేవే. ఆ బోల్టులు విప్పి, ఇనుము మెరిసేదాకా గీకి, గ్రీజు రాసి బిగిస్తే బండి కొత్త బ్యాటరీ వేసినట్టు లేస్తుంది.

కమాన్లు, టైర్లు

ఎత్తు పెంచాలన్న కోరిక అందరికీ ఉంటుంది. కాస్త లెక్క చూడండి. కమాన్లు మార్చి బాడీని రెండు అంగుళాలు లేపినా, రాయికి తగిలే క్రౌన్ పినియన్ గుండ్రం మాత్రం ఉన్నచోటే ఉంటుంది, ఎందుకంటే అది చక్రాలతోపాటు ఇరుసు మీద ఉంది. దాన్ని లేపేది టైరు ఒక్కటే. 205/70 ఆర్15 టైరు ఎత్తు సుమారు 668 మి.మీ. 215/75 ఆర్15 ఎత్తు సుమారు 704 మి.మీ. తేడా 36 మి.మీ., అందులో సగం, అంటే 18 మి.మీ. ఇరుసు పైకి లేస్తుంది. బొటనవేలి వెడల్పంత. రాళ్ళ దారిలో అది చాలానే. బదులుగా స్పీడోమీటరు 60 చూపించినప్పుడు మీరు 63లో పోతుంటారు, లాగుడు కాస్త తగ్గుతుంది. ఇంకా పెద్ద టైర్లు వేస్తే 80 హార్స్‌పవర్ ఇంజిన్ ఘాట్‌లో రెండో గేరుకు అతుక్కుపోతుంది. ఏ టైరైనా మీ రిమ్ము వెడల్పుకు సరిపోతుందో లేదో టైరు కంపెనీ పట్టికలో చూసి కొనండి.

బురద టైర్లు చూడటానికి బాగుంటాయి. కానీ అరకు వెళ్ళాలంటే ముందు వంద కిలోమీటర్లు తారురోడ్డు మీద ఝుమ్మని మోగుతూ పోవాలి, తడి రోడ్డు మీద వాటి పట్టు తక్కువ. అన్ని దారులకూ పనికొచ్చే ఆల్ టెరైన్ టైర్లు వేయండి.

కుంగిన కమాన్లను కొట్టించి వంపు తేవచ్చు. అయితే గ్యాసుతో ఎర్రగా కాల్చి వంచితే పదును పోయి మూడు నెలల్లో మళ్ళీ కుంగుతాయి. చల్లగానే వంచే పనివాడిని వెతకండి, లేదా కొత్తవి కొనండి. బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు కొత్తవి వేయండి. కంపెనీ ఎత్తుకే ఉంచండి.

టైరు మార్చినదానికన్నా గాలి తగ్గించడం ఎక్కువ పని చేస్తుంది. రోడ్డు మీద 26 పీఎస్‌ఐ ఉన్న టైరును వదులు మట్టిలో 16 దాకా తగ్గిస్తే నేలకు ఆనే భాగం పొడవవుతుంది, బండి కూరుకోదు. 12 కన్నా కిందికి పోకండి, టైరు రిమ్ము నుంచి ఊడుతుంది. తారురోడ్డు ఎక్కగానే మళ్ళీ గాలి నింపడానికి చిన్న పంపు కావాలి. అదనపు లైట్ల మీద పెట్టాలనుకున్న డబ్బు దీని మీద పెట్టండి.

కూరుకుపోతే

చాసిస్‌కు ముందొకటి, వెనకొకటి లాగే కొక్కేలు 8.8 గ్రేడు బోల్టులతో బిగించుకోండి. తాడు ఇరుసుకో, బంపరుకో కట్టకండి. తాడును కొక్కేనికి కలిపే 19 మి.మీ. విల్లు షెకిల్ (విల్లు ఆకారపు ఇనుప కొండీ) మీద 4.75 టన్నులని అచ్చు ఉండాలి. ఫిషింగ్ హార్బరు వైపు దుకాణాల్లో తాళ్ళు, షెకిళ్ళు కుప్పలుగా ఉంటాయి, ధర కూడా తక్కువే. అచ్చు లేని షెకిల్ పడవకు పనికొస్తుందేమో, మీకు వద్దు. తాడు సంగతి చూస్తే, సాగి లాగే గుణం నైలానుది. వలలకు వాడే పాలీప్రొపిలీన్ తాడు అంతగా సాగదు, తెగితే కొరడాలా తిరిగి వస్తుంది. చిన్న ముక్కను బకెట్టు నీళ్ళలో వేయండి. తేలితే పాలీప్రొపిలీన్, వదిలేయండి. మునిగినంత మాత్రాన నైలానే అనుకోకండి, పాలియెస్టరు కూడా మునుగుతుంది, అడిగి నిర్ధారించుకోండి. లాగేటప్పుడు తాడు మధ్యలో తడి గోనెసంచి వేయండి, మనుషులను తాడు పొడవుకు మించిన దూరంలో నిలబెట్టండి.

మొదటి ప్రయాణం

పని పూర్తయ్యాక ముందు మట్టిలోకి వెళ్ళకండి. పెందుర్తి, శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కి, గాలికొండ దగ్గర ఆగి, వెనక్కి దిగిరండి. ఎక్కేటప్పుడు వేడి ముల్లు చూడండి. దిగేటప్పుడు బ్రేకు తొక్కుతూ రాకుండా రెండో గేరులో దించండి. ఇంటికొచ్చి అన్ని బోల్టులూ మళ్ళీ బిగించండి, ముఖ్యంగా కమాన్లను ఇరుసుకు కట్టే యు బోల్టులు. పొడి తారురోడ్డు మీద ఫోర్ వీల్ వేయకండి. మలుపులో ముందు, వెనక చక్రాలు వేరువేరు దూరాలు తిరగాలి. ఇలాంటి బండిలో వాటి మధ్య సర్దుబాటు చేసే డిఫరెన్షియల్ ఉండదు కాబట్టి బలం మెలితిరిగి గేర్ల మీద పడుతుంది.

ఎక్కడ నడపాలన్నది ఎక్కడ నడపకూడదన్నదాని తరువాత. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు భూవారసత్వ స్థలం, వాటి మీద చక్రం మోపకండి. కంబాలకొండ అభయారణ్యం. సముద్రతీరం ఇసుక కూడా వద్దు. శీతాకాలం నుంచి వేసవి మొదలయ్యేదాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు మన తీరంలోనే గుడ్లు పెడతాయి, పైగా ఇంత కష్టపడి వదిలించిన ఉప్పును మళ్ళీ మీరే పూసినట్టవుతుంది. అనంతగిరి, పాడేరు వైపు మట్టిదారుల్లో అటవీ శాఖ పరిధిలోనివి ఏవో ముందే అడిగి అనుమతి తీసుకోండి. కొండవాలు పొలాల గట్ల మీదికి బండి ఎక్కించకండి. నేర్చుకోవడానికి మాత్రం, తెలిసినవాళ్ళ జీడిమామిడి తోటలో వానపడిన మరునాడు పొందే పాఠం ఎక్కడా దొరకదు.

వాగు ఎదురైతే ముందు కర్రతో నడిచి లోతు చూడండి. హబ్ మధ్యభాగాన్ని దాటిన నీళ్ళలోకి దిగకండి. నీళ్ళలో ఇంజిన్ ఆగిపోతే మళ్ళీ తాళం తిప్పకండి. సిలిండరులో చేరిన నీరు నొక్కుకోదు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. బండిని బయటికి లాగించి, స్పార్కు ప్లగ్గులు విప్పి, అప్పుడు తిప్పి నీళ్ళు కక్కించండి.

ఇంటికి తిరిగొచ్చిన రోజు ఎంత అలసటగా ఉన్నా కింది భాగం కడగండి. చాసిస్ రంధ్రంలోకి పైపు పెడితే అవతలినుంచి మొదట ఎర్రనీళ్ళు వస్తాయి. తేటనీళ్ళు వచ్చేదాకా పైపు తీయకండి. మరునాడు ఆరాక ప్రొపెల్లర్ షాఫ్టు (ఇరుసుకు బలం చేర్చే పొడుగు కడ్డీ) క్రాసులకు, అంటే దాని కీళ్ళకు, గ్రీజు కొట్టి, ముందు హబ్‌లను రెండింటినీ ఫ్రీకి తిప్పిపెట్టండి.